న్యాయ వేదిక: శిక్ష ఖరారు చేసే రోజు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా శిక్షల గురించే. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే కేటాయించాం. ముందుగా అందరికీ పనికొచ్చే మాట ఒకటి. నేరం 2024 జూలై 1కి ముందు జరిగితే శిక్ష పాత ఐపీసీ ప్రకారం, ఆ రోజు నుంచి జరిగినదైతే భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్‌ఎస్ ప్రకారం పడుతుంది. తీర్పు ఎప్పుడు వచ్చిందన్నది లెక్కలోకి రాదు. నేరం జరిగిన నాటి చట్టంలో ఉన్నదానికన్నా ఎక్కువ శిక్ష వేయడానికి రాజ్యాంగం 20వ అధికరణ ఒప్పుకోదు.

ప్రశ్న: 2021లో గట్టు తగాదాలో అవతలి వ్యక్తి చెయ్యి విరిగింది. మా తమ్ముడి మీద ఐపీసీ 325 కింద మేజిస్ట్రేట్ కోర్టులో కేసు నడుస్తోంది. బెయిల్ మీద ఉన్నాడు. వచ్చే నెల తీర్పు. వకీలుగారిని అడిగితే ‘శిక్ష పడితే అప్పుడు చూద్దాం’ అంటున్నారు. మేం ముందుగా చేసుకోవాల్సింది ఏమైనా ఉందా?
— ఒక పాఠకుడు, సత్తెనపల్లి

చాలా ఉంది. శిక్ష పడ్డాక చూసుకునేది అప్పీలు. శిక్ష ఎంత పడాలన్నది మాత్రం ఆ రోజే, చాలాసార్లు అరగంటలోనే తేలిపోతుంది.

మొదట రాజీ సంగతి. 325 రాజీకి వీలున్న సెక్షన్. చెయ్యి విరిగిన వ్యక్తి ఒప్పుకుంటే, కోర్టు అనుమతితో తీర్పు వెలువడేలోపు రాజీ పత్రం వేసుకోవచ్చు. దాంతో మీ తమ్ముడు నిర్దోషిగా బయటపడినట్టే. వైద్యం ఖర్చు, పని పోయిన రోజుల కూలి లెక్కగట్టి పెద్దమనుషుల ద్వారా మాట్లాడటానికి ఇంకా నెల టైముంది. శిక్ష పడిన తర్వాత కూడా అప్పీలు కోర్టు అనుమతితో రాజీ కుదురుతుంది గానీ, అప్పటికి అవతలివాళ్ల బెట్టు పెరుగుతుంది.

రాజీ కుదరకపోతే? నేరం రుజువైందని చెప్పాక, శిక్ష విషయంలో ముద్దాయి ఏం చెప్పుకుంటాడో జడ్జి వినాలి. మీ కేసు పాత సీఆర్‌పీసీ, అంటే క్రిమినల్ కేసుల విచారణ పద్ధతి చెప్పే చట్టం కింద మొదలైంది కాబట్టి దాని 248(2) సెక్షన్ వర్తిస్తుంది. ఈ విచారణ మొక్కుబడి కాదనీ, ఇద్దరూ ఆధారాలు పెట్టుకోవచ్చనీ సుప్రీంకోర్టు 1976లో శాంతాసింగ్ కేసులోనే చెప్పింది. జరిగేది మాత్రం వేరు. ‘నేను పేదవాణ్ణి, భార్యాపిల్లలు నా మీదే ఆధారపడ్డారు, దయ చూపండి’ అని ముద్దాయి చేతులు కట్టుకుని చెబుతాడు. జడ్జి ఆ ముక్క రాసుకుంటారు. కింద సంతకం, పైన శిక్ష. ఆ మాటకు వెనక ఒక్క కాగితం కూడా ఉండదు.

పైగా, శిక్ష మీద చెప్పుకోవడానికే వాయిదా ఇవ్వకూడదని సీఆర్‌పీసీ 309లో ఒక నిబంధన ఉంది. ఉరిశిక్షకు అవకాశమున్న పెద్ద కేసుల్లో కోర్టులు టైమిస్తాయి. మేజిస్ట్రేట్ కోర్టులో అడిగితే ఇస్తారన్న ధీమా పెట్టుకోవద్దు. కాగితాలు తీర్పు రోజుకే ఫైలులో ఉండాలి.

ఏ కాగితాలంటే, వయసుకు టెన్త్ మార్కుల జాబితా. ఇంట్లో ఎవరెవరు ఆధారపడ్డారో చూపడానికి రేషన్ కార్డు. తల్లిదండ్రులకో పిల్లలకో జబ్బుంటే ఆస్పత్రి చీటీలు. రిమాండ్‌లో ఉన్న రోజులకు జైలు ఇచ్చిన సర్టిఫికెట్. గాయపడిన వ్యక్తికి ఇప్పటికే ఏమైనా ముట్టజెప్పి ఉంటే రసీదు. ఇవ్వడానికి సిద్ధమైతే ఆ మొత్తానికి డీడీ తీసి పెట్టుకోండి. ‘ఇస్తాను’ అని చెప్పడం వేరు, డీడీ చూపించడం వేరు. వీటన్నిటినీ కలిపి రెండు పేజీల మెమో రాయించండి. పాత శిక్షలేమీ లేవని, బెయిల్ షరతు ఒక్కటీ తప్పలేదని, ఇన్నేళ్లలో మళ్లీ గొడవ పడలేదని అందులో ఉండాలి. ‘అసలు మావాడు కొట్టనేలేదు’ అన్న వాదన ఆ మెమోలోకి రానివ్వొద్దు. అది అప్పీలులో చెప్పుకునేది. ఇక్కడ చెబితే పశ్చాత్తాపం లేదన్న ముద్ర పడుతుంది.

అదే మెమోలో 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం 4వ సెక్షన్ కింద విడిచిపెట్టమని రాతపూర్వకంగా అడగాలి. ఉరి, యావజ్జీవం పడే నేరాలకు అది వర్తించదు. 325కు గరిష్ఠం ఏడేళ్లే కాబట్టి అడగొచ్చు. కోర్టు ఒప్పుకుంటే జైలుకు పంపకుండా, మూడేళ్లకు మించని కాలానికి మంచి నడవడి బాండు రాయించుకుంటుంది. ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణలో పెడితే అది ఏడాదికి తగ్గకూడదు. 5వ సెక్షన్ కింద బాధితుడికి పరిహారం కట్టమనీ చెప్పొచ్చు. ప్రొబేషన్ ఇవ్వగలిగి ఉండీ ఇవ్వకపోతే, ఎందుకివ్వలేదో ప్రత్యేక కారణాలు తీర్పులో రాయాలని సీఆర్‌పీసీ 361 చెబుతోంది. మీరు అడిగినట్టు రికార్డులో ఉండి కారణం రాయకపోతే, అప్పీలుకు అంతకంటే గట్టి పాయింటు దొరకదు.

ఒక విషయం ధైర్యానికి. సెక్షన్‌లో ఏడేళ్లున్నా ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ మూడేళ్లకు మించి వేయలేరు. అంతకన్నా ఎక్కువ పడాలనుకుంటే కేసును చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేట్‌కు పంపాలి. శిక్ష మూడేళ్లు దాటకపోతే, బెయిల్ మీద ఉన్న ముద్దాయి అప్పీలుకు వెళ్తానంటే ఆ మేజిస్ట్రేటే సీఆర్‌పీసీ 389(3) కింద శిక్షను ఆపి బెయిల్ ఇవ్వొచ్చు. ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. పిటిషన్ టైపు చేయించి ఉండరు, జామీనుదారులు ఊళ్లోనే ఉండిపోతారు, జరిమానాకు చేతిలో నగదు ఉండదు. సాయంత్రం అయిదు దాటితే మనిషి సబ్ జైల్లో ఉంటాడు. జామీనుదారులిద్దరూ ఆస్తి పన్ను రసీదులో, పాస్‌బుక్కులో పట్టుకుని ఉదయం నుంచీ కోర్టు ఆవరణలో ఉండేలా చూసుకోండి. జైలు శిక్ష పడ్డవాడికి తీర్పు కాపీ ఒకటి ఉచితంగా వెంటనే ఇవ్వాలి. సెషన్స్ కోర్టులో అప్పీలుకు గడువు 30 రోజులు.

ప్రశ్న: జైల్లో పగలొక రోజు, రాత్రొక రోజుగా లెక్కేస్తారట. అందుకే యావజ్జీవం పడినవాళ్లు ఏడేళ్లకే వస్తారట. నిజమేనా?
— ఒక పాఠకురాలు, కరీంనగర్

కాదు. ఏ చట్టంలోనూ లేదు, ఏ జైలు మాన్యువల్‌లోనూ లేదు. క్యాలెండర్ లెక్కే. ఈ నమ్మకం రచ్చబండల మీద ఎలా బతుకుతోందో గానీ, ఏటా ఒకరైనా అడుగుతారు. మంచి నడవడికి, చేసిన పనికి జైలు నిబంధనల ప్రకారం కొన్ని రోజులు తగ్గిస్తారు. దాన్ని రెమిషన్ అంటారు. బహుశా అదే రూపం మారి ఇలా ప్రచారంలోకి వచ్చి ఉంటుంది.

ప్రశ్న: మా అక్క కొడుక్కి 20 ఏళ్లు. గత సంవత్సరం బస్టాండులో 12,000 రూపాయల ఫోన్ దొంగిలించి దొరికిపోయాడు. ఇదే మొదటి కేసు. ‘గిల్టీ అని ఒప్పేసుకుంటే జరిమానాతో పోతుంది’ అని కోర్టు దగ్గర ఎవరో చెప్పారట. ఒప్పుకోమంటారా? కమ్యూనిటీ సర్వీస్ అని కొత్తగా వచ్చిందట కదా?
— ఒక పాఠకురాలు, అనంతపురం

కమ్యూనిటీ సర్వీస్ మీవాడికి రాదు. బీఎన్‌ఎస్ 303(2)లో ఆ వెసులుబాటుకు షరతులున్నాయి: దొంగిలించిన సొత్తు విలువ 5,000 రూపాయల లోపుండాలి, మొదటిసారి నేరం రుజువైనవాడై ఉండాలి, సొత్తో దాని విలువో తిరిగి ఇచ్చేయాలి. 12,000 ఫోన్ మొదటి షరతు దగ్గరే ఆగిపోయింది. బీఎన్‌ఎస్ మొత్తమ్మీద ఈ శిక్ష ఆరు నేరాలకే ఉంది. చిన్న దొంగతనం, తాగి బహిరంగంగా అల్లరి చేయడం, పరువు నష్టం వంటివి. ఎన్ని గంటలు, ఏ పని అన్నది చట్టంలో రాయలేదు. సమాజానికి పనికొచ్చేది, జీతం లేనిది అని మాత్రమే ఉంది.

అయినా బెంగపడక్కర్లేదు. 21 ఏళ్లు నిండనివారికి, యావజ్జీవం పడే నేరం కాకపోతే, ప్రొబేషన్ చట్టం 6వ సెక్షన్ పెద్ద అండ. అలాంటివారిని జైలుకు పంపకపోవడమే నియమం. పంపాలంటే ప్రొబేషన్ అధికారి నివేదిక తెప్పించుకుని, 3, 4 సెక్షన్లు ఎందుకు పనికిరావో కారణాలు రాయాలి. 3వ సెక్షన్ కింద దొంగతనానికి మందలించి వదిలేయడం కూడా సాధ్యమే. వయసును నేరం నాటికి కాదు, కోర్టు శిక్ష విధించే నాటికి చూస్తారని 1963లో రామ్‌జీ మిసర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీవాడికి ఇరవై ఒకటి నిండటానికి ఎన్ని నెలలుందో ఈరోజే లెక్క చూసుకోండి. వాయిదాల మీద వాయిదాలు తీసుకుంటూ పుట్టినరోజు దాటించేస్తే ఈ రక్షణ చేజారుతుంది.

ఒప్పుకోవడం గురించి. కోర్టు వరండాలో దొరికే సలహా ప్రకారం ఊరికే ‘గిల్టీ’ అంటే మూడేళ్ల వరకూ ఎంతైనా పడొచ్చు. జరిమానాతోనే పోతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. దానికి చట్టబద్ధమైన దారి ప్లీ బార్గెయినింగ్, అంటే నేరం ఒప్పుకుని తక్కువ శిక్షకు కోర్టు ద్వారా ఒప్పందం చేసుకోవడం. చార్జి ఖరారైన 30 రోజుల్లోగా దరఖాస్తు పెట్టాలి. మొదటిసారి ముద్దాయికి, కనీస శిక్ష లేని నేరంలో, చట్టంలో ఉన్న శిక్షలో ఆరో వంతు వేయొచ్చు. మూడేళ్లలో ఆరో వంతంటే ఆరు నెలలు. తక్కువేం కాదు. అందుకని ఆ దరఖాస్తులోనే ప్రొబేషన్ కూడా అడగాలి. అక్కడా దానికి వీలుంది. అంతకన్నా తేలిక, ఫోన్ యజమానితో మాట్లాడి రాజీ. దొంగతనం కూడా రాజీకి వీలున్న నేరమే.

ప్రొబేషన్ వస్తే ఉద్యోగం సంగతి ఏమిటని రేపు అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెబుతున్నాం. శిక్ష వల్ల వచ్చే అనర్హత అంటదని ప్రొబేషన్ చట్టం 12వ సెక్షన్ చెబుతుంది. అంతమాత్రాన కేసే లేనట్టు కాదు. పోలీసు వెరిఫికేషన్ ఫారంలో అడిగితే ఉన్నదున్నట్టు రాయాలి. దాచిపెట్టారన్న కారణంతోనే ఉద్యోగాలు పోయిన సందర్భాలు చాలా ఉన్నాయి.

ప్రశ్న: 2020 నాటి చీటింగ్ కేసులో మా బావకు మేజిస్ట్రేట్ కోర్టు 420 కింద ఏడాది జైలు, 20,000 జరిమానా, కట్టకపోతే 4 నెలలు, 406 కింద 6 నెలలు వేసింది. రెండూ ఏకకాలంలో అని రాశారు. విచారణలో 5 నెలల 10 రోజులు రిమాండ్‌లో ఉన్నాడు. ఎప్పుడొస్తాడు? జరిమానా కట్టే బదులు ఆ 4 నెలలు కూడా ఉండిపోతానంటున్నాడు.
— ఒక పాఠకుడు, ఖమ్మం

ఏకకాలం అన్నారు కాబట్టి పెద్దది ఏడాది, చిన్నది అందులో కలిసిపోతుంది. పాత సీఆర్‌పీసీ 31 ప్రకారం తీర్పులో ఆ మాట లేకపోతే ఒకదాని తర్వాత ఒకటి, మొత్తం ఏడాదిన్నర అయ్యేది. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 25వ సెక్షన్‌లో, నేరాల తీవ్రత చూసి ఏదో ఒకటి కోర్టే చెప్పాలని మార్చారు.

ఏడాదిలోంచి రిమాండ్ కాలం 5 నెలల 10 రోజులు తీసేస్తే మిగిలేది 6 నెలల 20 రోజులు. అందులో జైలు రెమిషన్ వస్తే ఇంకొంచెం తగ్గుతుంది. ఈ తీసివేత సీఆర్‌పీసీ 428 ఇచ్చిన హక్కు. అయితే జైలు అధికారులు కోర్టు పంపిన కన్విక్షన్ వారెంటులో ఏముంటే అదే చూస్తారు. రిమాండ్ తేదీలు వారెంటులో సరిగా రాలేదంటే విడుదల తేదీ తప్పు పడుతుంది. పోలీసు కస్టడీలో ఉన్న రోజులు కూడా కలవాలి. తీర్పు కాపీ, వారెంటు రెండింటిలోనూ తేదీలు సరిపోయాయో లేదో చూసి, తేడా ఉంటే ఆ కోర్టులోనే పిటిషన్ వేయించండి. ఒక కేసు రిమాండ్‌ను ఇంకో కేసు శిక్షలో మినహాయించమంటే కుదరదు.

ఇక జరిమానా. కట్టకపోతే పడే 4 నెలలకు వేరే నియమాలు. అది ఏడాదితో కలిసి నడవదు, అసలు శిక్ష అయిపోయాకే మొదలవుతుంది. దానిలోంచి రిమాండ్ కాలం కూడా తగ్గదు. ‘ఏకకాలం’ అన్న మాట దీనికీ వర్తిస్తుందనుకుని కుటుంబాలు విడుదల రోజున జైలు గేటు దగ్గరకొచ్చి నిరాశపడుతుంటాయి. ఊరట ఏమిటంటే, ఎప్పుడు కడితే అప్పుడు, ఎంత కడితే అంత తగ్గుతుంది. 15,000 కడితే నాలుగింట మూడొంతులు పోయి నెలే మిగులుతుంది. 4 నెలలు మొదలయ్యాక మధ్యలో మొత్తం కట్టినా ఆ రోజే వదిలేయాలి. ఈ కాలానికి పరిమితి కూడా ఉంది. ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ వేయగలిగిన మూడేళ్లలో నాలుగో వంతు, తొమ్మిది నెలలు. కాబట్టి 4 నెలలు చట్టం లోపలే ఉంది.

ఆ 4 నెలలూ ఉండిపోతే మళ్లీ జరిమానా వసూలుకు మామూలుగా వారెంటు ఇవ్వరు. ప్రత్యేక కారణాలు రాస్తే తప్ప. కానీ ఆ జరిమానాలోంచి మోసపోయినవారికి పరిహారం ఇవ్వమని తీర్పులో ఉందా చూడండి. ఉంటే జైల్లో గడిపినా బాకీ తీరదు. మీ బావగారి ఇష్టానికి వదిలేసే ముందు ఆ పేరా చదవండి.

ప్రశ్న: 3 లక్షల చెక్ బౌన్స్ కేసులో మేజిస్ట్రేట్ నాకు 4 లక్షల ‘నష్టపరిహారం’ వేశారు. మేజిస్ట్రేట్ జరిమానాకు పరిమితి ఉంటుంది కదా, ఇది చెల్లుతుందా?
— ఒక పాఠకుడు, తెనాలి

చెల్లుతుంది. జరిమానా వేయకుండా సీఆర్‌పీసీ 357(3) కింద పరిహారం వేస్తే ఆ పరిమితి అడ్డు రాదు. చెక్ కేసుల్లో మేజిస్ట్రేట్లు ఎక్కువగా ఎంచుకునే దారి ఇదే. ఎలాగూ చెక్ బౌన్స్‌కు వర్తించే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షన్‌లోనే చెక్ మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా ఉంది. మీరు అప్పీలుకు వెళ్తే అదే చట్టం 148 సెక్షన్ కింద ఆ 4 లక్షల్లో కనీసం 20 శాతం, అంటే 80,000, 60 రోజుల్లో కట్టమని కోర్టు అడగొచ్చు. కారణం చూపితే ఇంకో 30 రోజులిస్తారు. కట్టకపోతే జైలు అని రాసి ఉంటే, ఆ జైలు అనుభవించాక కూడా పరిహారం బాకీగానే ఉంటుంది. ఫిర్యాదితో రాజీకి ఇప్పటికీ దారి మూసుకుపోలేదు.

ప్రశ్న: లా చదువుతున్నాను. ఒకే సెక్షన్, ఒకే రకం గాయం. ఒక కోర్టు ఏడాది వేస్తుంది, పక్క జిల్లా కోర్టు అయిదేళ్లు వేస్తుంది. ప్రతీకారం, భయపెట్టడం, సంస్కరణ అని పుస్తకాల్లో చదివిన సిద్ధాంతాలు జడ్జి బల్ల మీదకు వస్తాయా?
— ఒక విద్యార్థిని, వరంగల్

వస్తాయి, కానీ క్రమం లేకుండా వస్తాయి. మన చట్టంలో శిక్ష ఉద్దేశాలు ఇవీ అని ఎక్కడా రాసి లేదు. ఇంగ్లండులో 2020 నాటి సెంటెన్సింగ్ చట్టం 57వ సెక్షన్ అయిదింటిని వరుసగా చెబుతుంది: దండన, భయం ద్వారా నేరాల తగ్గింపు, సంస్కరణ, ప్రజల రక్షణ, బాధితులకు జరిగిన నష్టం పూడ్చడం. దాని పైన సెంటెన్సింగ్ కౌన్సిల్ నేరానికో మార్గదర్శకం ఇస్తుంది. ముద్దాయి తప్పు ఎంత, హాని ఎంత అని తేల్చుకుని, అక్కడి పట్టికలో మొదలయ్యే అంకె చూసి, తీవ్రత పెంచేవీ తగ్గించేవీ కలిపి, మొదటి అవకాశంలోనే నేరం ఒప్పుకుంటే మూడో వంతు తగ్గిస్తారు. అమెరికా ఫెడరల్ కోర్టుల్లో నిలువునా 43 నేర స్థాయిలు, అడ్డంగా 6 పాత నేరాల తరగతులు ఉన్న పట్టిక ఉంది. 2005 బుకర్ తీర్పు తర్వాత అది సలహా మాత్రమే.

మనకు అలాంటి పట్టిక లేదు. 2003లో మలిమఠ్ కమిటీ కావాలంది. 2008లో ప్రేమ్‌సాగర్ కేసులో మార్గదర్శకాలు లేవని సుప్రీంకోర్టు కూడా అంది. అందువల్ల జరుగుతున్నదేమిటంటే, ఏ ఉద్దేశాన్ని పట్టుకోవాలో జడ్జి ముందు ఏ సమాచారం ఉందన్నదే తేలుస్తోంది. పోస్టుమార్టం నివేదిక, గాయాల ఫొటోలు తప్పక ఫైలులో ఉంటాయి. ముద్దాయి మనిషిగా ఎవరో చెప్పే కాగితం ఉండదు. అలాంటప్పుడు తూకం దండన వైపు, భయం వైపు మొగ్గడంలో వింతేముంది?

సమాచారం ఉంటే ఏం జరుగుతుందో చూడాలంటే అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన రెండు కేసులు చదవండి. రెండిట్లోనూ తీర్పు రాసింది జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యరే. 1974 నాటి ఈడిగ అనమ్మ కేసులో నేరం ఘోరమైనది. ఒక స్త్రీ, ఆమె పసిబిడ్డ హతులు. అయినా ముద్దాయి చిన్న వయసు, అత్తవారింటి నుంచి గెంటివేతకు గురైన బతుకు, ఆమెకున్న చిన్న పిల్లవాడు, ఉరి నీడలో గడిచిన కాలం, వీటిని లెక్కలోకి తీసుకుని ఉరిని యావజ్జీవంగా మార్చారు. నేరంతోపాటు నేరస్థుడినీ చూడాలన్న దారిలో అది పెద్ద మలుపు. 1977 నాటి మహమ్మద్ గియాసుద్దీన్ కేసు ఉద్యోగాలిప్పిస్తానని డబ్బు తీసుకున్న మోసం. మూడేళ్ల శిక్షను ఏడాదిన్నరకు తగ్గించి, జైల్లో అతనికి తగిన పని ఇవ్వాలని చెప్పారు. మొదటిదానికన్నా ఈ రెండోదే మీకు ఎక్కువ ఉపయోగం. రోజూ కోర్టుల్లో కనబడేది ఇలాంటి కేసే.

1980లో బచన్‌సింగ్ తీర్పు ఉరిని అరుదైన వాటిలోకెల్లా అరుదైన కేసులకు పరిమితం చేసి, సంస్కరణకు అవకాశం లేదని చూపాల్సిన బరువు ప్రభుత్వం మీద పెట్టింది. ఆ బరువు చాలాకాలం మోసినవారు లేరు. 2022లో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు, ఉరికి వీలున్న కేసుల్లో ముద్దాయి మానసిక స్థితి నివేదిక, ప్రొబేషన్ అధికారి నివేదిక, జైలు నడవడి నివేదిక తెప్పించాలని దారి చూపింది. ఇదే పద్ధతి కనీసం అయిదేళ్లు దాటే శిక్షలకైనా వస్తే మీరడిగిన తేడా సగం తగ్గుతుందని మా అభిప్రాయం. పట్టిక ఒక్కటే పెడితే జిల్లాకో రకంగా కాకుండా అందరికీ ఒకేలా గుడ్డిగా శిక్షలు పడతాయి.

ప్రశ్న: 2022లో లారీ గుద్ది మా నాన్నగారు చనిపోయారు. డ్రైవరుకు 304ఏ కింద 6 నెలలే వేశారు. మనిషి ప్రాణానికి ఆరు నెలలా? శిక్ష పెంచమని మేం అప్పీలు చేయొచ్చా?
— ఒక పాఠకుడు, సూర్యాపేట

శిక్ష చాలదని బాధితులు నేరుగా అప్పీలు చేయలేరు. ముద్దాయిని వదిలేస్తేనో, చిన్న నేరం కింద శిక్షిస్తేనో, పరిహారం చాలకపోతేనో మాత్రమే బాధితులకు అప్పీలు హక్కుంది. 2020లో పర్విందర్ కన్సల్ కేసులో సుప్రీంకోర్టు ఇది ఖాయం చేసింది. శిక్ష పెంచమని అడిగే హక్కు ప్రభుత్వానిది, సీఆర్‌పీసీ 377 సెక్షన్ కింద. మేజిస్ట్రేట్ తీర్పు మీద ఆ అప్పీలు సెషన్స్ కోర్టుకు వెళ్తుంది. గడువు తక్కువ కాబట్టి తీర్పు కాపీతో వారం లోపే జిల్లా పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు, కలెక్టర్‌కు రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. ప్రభుత్వం కదలకపోతే హైకోర్టులో రివిజన్ వేసి చూడొచ్చు. శిక్ష పెంచే అధికారం హైకోర్టుకు ఉంది, ముద్దాయి మాట విన్న తర్వాత.

మీ ప్రమాదం నాటికి 304ఏ గరిష్ఠం రెండేళ్లే. బీఎన్‌ఎస్ 106(1)లో అది అయిదేళ్లయింది గానీ మీ కేసుకు అక్కరకు రాదు. కాబట్టి పెంచినా రెండేళ్లు దాటదు. ఈ నేరంలో సుప్రీంకోర్టు భయం కలిగించడానికే పెద్దపీట వేసింది. 2000లో దల్‌బీర్‌సింగ్ కేసులో ఇలాంటి డ్రైవర్లకు ప్రొబేషన్ తగదంది. 2015లో సౌరభ్ బక్షీ కేసులో, హైకోర్టు పరిహారం చూసి 24 రోజులకు తగ్గించిన శిక్షను 6 నెలలు చేసింది. అంటే మీ కేసులో పడ్డ ఆరు నెలలు కోర్టుల అలవాటు ప్రకారం మరీ తేలికపాటి శిక్షేం కాదు. ఈ మాట మీకు నచ్చకపోవచ్చు. మీ ఓపిక, డబ్బు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ క్లెయిము మీద పెట్టడం మేలు. దానికి రుజువు స్థాయి తక్కువ, మొత్తం ఎక్కువ, క్రిమినల్ శిక్ష ఎంతన్నదానితో సంబంధం లేదు.

ప్రశ్న: మా పెదనాన్నకు హత్య కేసులో యావజ్జీవం. రిమాండ్‌తో కలిపి 14 ఏళ్లు నిండాయి. ఇక వదిలేయాలి కదా? ఎవరిని అడగాలి?
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

వదిలేయాలని లేదు. యావజ్జీవం అంటే బతికినంతకాలం అని 1961లో గోడ్సే కేసు నుంచీ చట్టం స్థిరంగా ఉంది. లెక్కల కోసం చెప్పే 20 ఏళ్లు, జనం చెప్పే 14 ఏళ్లు రెండూ విడుదల తేదీలు కావు. 14 ఏళ్లన్నది అడ్డుగోడ: ఉరి కూడా వేయగలిగిన నేరానికి యావజ్జీవం పడితే, రెమిషన్ రోజులు కలపకుండా నికరంగా 14 ఏళ్లు జైల్లో గడిపితే తప్ప ప్రభుత్వం విడుదల చేయకూడదు. పాతది సీఆర్‌పీసీ 433ఏ, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 475. గవర్నర్‌కు 161వ అధికరణ కింద ఉన్న క్షమాభిక్ష అధికారానికి మాత్రం ఈ గోడ అడ్డు కాదు.

ముందు తుది తీర్పు చదవండి. ‘రెమిషన్ లేకుండా 25 ఏళ్లు’ వంటి మాట ఉంటే 14 ఏళ్ల ప్రస్తావనే రాదు. అయితే అలాంటి శిక్ష హైకోర్టు, సుప్రీంకోర్టు మాత్రమే వేయగలవు. సెషన్స్ జడ్జి రాసి ఉంటే దాన్ని సవాలు చేయాలి.

ఆ మాట లేకపోతే అర్జీ జైలు సూపరింటెండెంట్ ద్వారా వెళ్లాలి. మీరు వేస్తే, ఆయన జైల్లో ఉన్నట్టు అర్జీలోనే ప్రకటించాలి. శిక్ష పడ్డనాటి ప్రభుత్వ విధానం జీవో, ఇప్పటి జీవో రెండూ తెప్పించుకోండి. రెండిటిలో ఖైదీకి ఏది మేలైతే అది అడగొచ్చు. శిక్ష వేసిన కోర్టు జడ్జి అభిప్రాయం, పోలీసు నివేదిక, ప్రొబేషన్ అధికారి నివేదిక వెళ్తాయి. ఆలస్యమంతా సాధారణంగా ఈ మూడింటి దగ్గరే. ఊళ్లో పాత కక్షలు ఉన్నాయని పోలీసు నివేదికలో ఒక్క వాక్యం వస్తే ఫైలు ఆగుతుంది. అవతలి కుటుంబంతో ఇప్పుడు తగాదా లేదని, ఆయన వస్తే ఎక్కడ ఉంటారో, ఏ పని చేసుకుంటారో చూపే కాగితాలు అర్జీకి జతపరచండి. సెమీ ఓపెన్ జైలుకో, అనంతపురం ఓపెన్ ఎయిర్ జైలుకో మార్చి ఉంటే, పెరోల్ మీద వచ్చి సమయానికి తిరిగి వెళ్లి ఉంటే అవీ రాయండి.

విధానం ప్రకారం అర్హులైనవారి విషయాన్ని, అర్జీ రాకపోయినా ప్రభుత్వమే పరిశీలించాలని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. తిరస్కరిస్తే కారణాలు రాసి ఖైదీకి తెలియజేయాలి. కారణం లేని తిరస్కరణను, నెలల తరబడి సాగే మౌనాన్ని హైకోర్టులో రిట్ వేసి ప్రశ్నించవచ్చు. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే జైల్లోనే ఉండే న్యాయసేవాధికార సంస్థ క్లినిక్ ఆ రిట్ ఉచితంగా వేయిస్తుంది.